టీవీలో మా అయ్య చనిపోయాడు

టీవీ వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి హైదరాబాదు నుంచి. ఈ దీవిలో, డిగ్నాబాద్‌లోని మా ఇంటికి వానలో తడిసి వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విప్పి, కాళ్ల బురద కడుక్కుని మరీ లోపలికి వచ్చారు కాబట్టి మొదట నాకు కోపం రాలేదు. మేఘన అనే పిల్ల, ఆమె వెనక కెమెరా మోసుకొచ్చిన ఒక గడ్డం మనిషి. మేఘన నన్ను ఆంటీ అంది, మా అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టి అమ్మమ్మా అంది. దీవుల్లో తెలుగువాళ్ల మీద ఒక కార్యక్రమం చేస్తున్నారట. అంతా నిజమేనట, కల్పన ఏమీ ఉండదట. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని వాళ్లని చూపిస్తారట. "మీలాంటి వాళ్ల గొంతు బయటికి రావాలి ఆంటీ, మాకు అదే ముఖ్యం" అంది. ఒక జీవితకాలం బళ్లో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నా గొంతు రోడ్డు మీదికి వినిపిస్తుందని పిల్లలు నవ్వుకునేవాళ్లు. అయినా చాయ్‌కి నీళ్లు పెట్టాను. ఆ పిల్ల ఫోన్ తీసి, "పాత టేపుల్లో దొరికింది, మీకు సర్‌ప్రైజ్" అంటూ అమ్మ చేతిలో పెట్టింది.

అందులో సముద్రపొడ్డున ఒక నల్లరాయి, రాయి మీద వయసులో ఉన్న ఒక ఆడమనిషి. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు, జుట్టు విరబోసుకుని నీళ్ల వైపు చూస్తోంది. ఆమె మా అమ్మ నూకాలు. ఆ బొమ్మ నేను చిన్నప్పుడు ఒక్కసారి చూశాను, మళ్లీ జన్మలో చూడకూడదనుకున్నాను. "ఎంత బావుందో కదా ఆంటీ" అంటోంది మేఘన. "ఇదే రాయి మీద అమ్మమ్మని మళ్లీ కూర్చోబెడదామని ప్లాన్. అప్పుడు, ఇప్పుడు అని పక్కపక్కన వేస్తాం." నాకు అరికాలి నుంచి మంట లేచింది. ఆ బొమ్మ వెనక ఏముందో ఆ పిల్లకు తెలియదు, తెలుసుకునే పని కూడా పెట్టుకోలేదు. అందుకని కూర్చోబెట్టి చెప్పాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఇంకాస్త వివరంగా, ఇంకాస్త కోపంగా.

అప్పట్లో మేం జంగ్లీఘాట్‌లో ఉండేవాళ్లం. రేవుకు ఆనుకుని రేకుల ఇళ్లు, ఇళ్ల ముందు ఆరేసిన వలలు. తెల్లారేసరికి డీజిల్ పొగ, ఉప్పుచేపల వాసన, పక్కింటి బెంగాలీ దీదీ బాణలిలో కాగే ఆవనూనె ఘాటు, మూడూ కలిసి మా గుమ్మంలోకి వచ్చేవి. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు అక్కడ చాలా ఉండేవి. మా అయ్య ఎర్రయ్య, పెళ్లైన కొత్తలో అమ్మని తీసుకుని ఓడెక్కి వచ్చేశాడు. అయ్య వేటకు వెళ్లేవాడు, అమ్మ చేప అమ్మేది. పడవ ఒడ్డుకు తగలగానే అయ్య పని అయిపోయేది, గంజి తాగి పడుకునేవాడు. అమ్మ పని అప్పుడు మొదలయ్యేది. రేవులో మా వరస పడవల చేపలకు వేలం నడిపేది అమ్మే. చుట్టూ బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్లు, హోటళ్లకు కొనే కాంట్రాక్టర్లు. ఒక్క మాటలోనే రెండు మూడు భాషలు కలిపేసేది. "భయ్యా, ఆఁఖ్ దేఖో, కన్ను ఎలాగ మెరుస్తున్నాదో సూడు, కల్ కా మాల్ నహీ హై" అని, నిన్నటి సరుకు కాదని తేల్చి చెబుతూ గంప చుట్టూ తిరుగుతుంటే, ఆరడుగుల కాంట్రాక్టర్లు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు.

అమ్మకు ఒక పద్ధతి ఉండేది. బేరం మరీ అన్యాయంగా ఉన్నా, కొనేవాడు నోరు జారినా, ఆవిడ కేకలు వేసేది కాదు. పక్కన బకెట్లో నానబెట్టిన తడి గోనె తీసి, ఒక విదిలింపు విదిలించి, గంప మీద కప్పేసేది. అంతే. గోనె పడిందంటే ఆ చేప ఇక ఆ మనిషికి లేదు. ఆ తర్వాత రెట్టింపు ఇస్తానన్నా, బతిమాలినా, కాళ్ల బేరానికి వచ్చినా గోనె లేచేది కాదు. "ఉప్పేసుకుంటాను గాని నీకియ్యను" అని, నిజంగానే ఇంటికి తెచ్చి ఉప్పు వేసి పందిరి మీద ఆరబెట్టేది. రేవులో అందరికీ ఆ గోనె సంగతి తెలుసు. అమ్మ చెయ్యి బకెట్ వైపు వెళ్తే చాలు, బేరమాడేవాడు గొంతు తగ్గించేవాడు.

అయ్య దీనికి పూర్తిగా వేరు. ఎవరేం అడిగినా కాదనలేని మనిషి. ఇంజన్ బెల్టులో పడి ఎడమచేతి చూపుడువేలు సగం పోతే, బెల్టు పాడైనందుకు పడవ యజమానికి సారీ చెప్పి వచ్చాడట. సెలవు రోజు పొద్దున రేడియో పెట్టుకుని, నా తెల్ల కాన్వాసు బూట్లకు తడి సుద్ద రాసి, రేకు మీద వరసగా ఎండబెట్టేవాడు. ఆ సగం వేలితోనే సుద్దను మూలమూలలకూ అద్దేవాడు. "నా కూతురు ఇస్కూలుకెల్తే దొరసానిలాగుండాల" అనేవాడు. వాళ్ల ఊళ్లో బూట్లు తొడిగిన ఆడపిల్లను చూడలేదేమో, నా బూట్లంటే ఆయనకు ఎక్కడలేని గర్వం.

అలాంటి ఒక సెలవు రోజున ఢిల్లీ నుంచి టీవీ వాళ్లు జీపులో దిగారు. దీవుల్లో బెస్తవాళ్ల బతుకు మీద నిజాలు చూపించే చిత్రం అన్నారు. అయ్య పొంగిపోయాడు. మంచం దులిపి వేశాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు, సెలవైనా నాకు బడి యూనిఫాం, బూట్లు తొడిగించాడు. వాళ్లు వచ్చిన పది నిమిషాల్లోనే మా ఇల్లు మా ఇల్లులా లేకుండా పోయింది. రేడియో బొమ్మలో పడకూడదని లోపల పెట్టించారు. గోడ గడియారం తీయించారు. నన్ను పిలిచి బూట్లు విప్పించి, యూనిఫాం మార్పించి, చింపిరి గౌను ఏదైనా ఉందా అని అడిగారు. మా ఇంట్లో లేదంటే పక్కింట్లోంచి తెప్పించారు. ఉన్నది ఉన్నట్టు తీయడానికి వచ్చామన్న వాళ్లు, ఉన్నదంతా లోపల దాచి, లేనిది అరువు తెచ్చి మరీ తీశారు. సముద్రం గురించీ వేట గురించీ అయ్యనీ మగవాళ్లనీ అడిగారు. అమ్మని మాత్రం కాసేపు ఇటు నడవమన్నారు, కాసేపు అటు నడవమన్నారు.

అమ్మ నడిచి నడిచి విసిగి, "నాక్కూడా సెప్పేదున్నాది" అంది. మైకు పెట్టక తప్పలేదు. ఆవిడ చెప్పింది నేను పక్కనే నిలబడి విన్నాను. రేవులో ఐసు వస్తే ముందు కాంట్రాక్టర్లకు, తర్వాత పడవల యజమానులకు, మిగిలితే ఆడవాళ్లకు. మిగిలేది నీళ్లే. ఐసు లేక మధ్యాహ్నానికి చేప మెత్తబడితే, నూకాలు కుళ్లు చేప అమ్ముతోందంటారు. రోజంతా రేవులో నిలబడే ఆడవాళ్లకు ఒక మరుగు లేదు, పొద్దున తాగిన గంజి సాయంత్రం దాకా బిగబట్టుకోవాలి. ఇవన్నీ హిందీలో, గడగడా, రేవులో ఎలా మాట్లాడుతుందో అలాగే చెప్పింది. టీవీ పెద్దాయన తలాడించాడు. "బహుత్ అచ్ఛా, దీదీ" అన్నాడు. అమ్మ ఆ వారమంతా ఐసు సంగతి ఢిల్లీకి తెలిసిపోయిందని అందరికీ చెప్పుకుంది.

ఆ తర్వాత, మా రేవు అందంగా లేదని, డీజిల్ డ్రమ్ములు అడ్డమొస్తున్నాయని, అమ్మనీ అయ్యనీ నన్నూ జీపెక్కించి ఊరికి దూరంగా ఇసుక ఉన్న చోటికి తీసుకెళ్లారు. అమ్మని నల్లరాయి మీద కూర్చోబెట్టారు. బొట్టు మెరుస్తోంది, లైటు కొడుతోంది, తీసెయ్యమన్నారు. గాజులు చప్పుడవుతున్నాయన్నారు. జుట్టు విప్పితే గాలికి బావుంటుందన్నారు. అమ్మ అయ్య వైపు చూసింది. మా వాళ్లలో మొగుడు బతికుండగా ఏ ఆడదీ అలా ఒడ్డున కూర్చోదు. అయ్యేమో, "పోన్లేయే, అతిథులు, ఒక్క నిమషం" అన్నాడు. అంటూనే ఆయన తన పనిలో మునిగిపోయాడు. ఆయనకు వాళ్లు ఒక తెల్లటి అట్ట ఇచ్చారు, ఎండని అమ్మ మొహం మీదికి కొట్టేలా పట్టుకోమని. అమ్మకు నాలుగడుగుల దూరంలో, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, గాలికి ఊగిపోతున్న ఆ అట్టని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు మా అయ్య. నేను ఆయన వెనకే ఉన్నాను.

కొన్నాళ్లకు ఆ చిత్రం వేస్తున్నారని తెలిసింది. మా దగ్గర టీవీ లేదు. గోల్ ఘర్ బజారులో ఒక తెలుగాయన బట్టల కొట్లో ఉండేది. రేవులో సగం మంది తలస్నానాలు చేసి బయల్దేరారు. కొట్టాయన బట్టల తానులు పక్కకు జరిపి నేల మీద చాపలు వేయించాడు. అయ్యకు ముందు వరసలో చోటిచ్చారు. చాలాసేపు ఎవరో పెద్దమనిషి కోటు వేసుకుని మా గురించి మాట్లాడాడు. మేం చదువులేని వాళ్లమనీ, బయటి ప్రపంచం తెలియని అమాయకులమనీ చెప్పాడు. నేను అరువు గౌనులో ఉత్తికాళ్లతో పరిగెత్తాను. ఆఖర్న అమ్మ వచ్చింది, రాయి మీద. సన్నటి సంగీతం. వెనకనుంచి ఒక గంభీరమైన గొంతు హిందీలో అంది: సముద్రం ఈమె భర్తను మింగేసింది, అయినా ఈమె ప్రతి సాయంత్రం ఇక్కడికొచ్చి ఎదురుచూస్తూనే ఉంటుంది. ఐసు లేదు. మరుగు లేదు. అమ్మ గొంతు ఒక్క ముక్క లేదు. రేవుని గడగడలాడించే మనిషిని నోరులేనిదాన్ని చేసి, విధవని చేసి, రాయి మీద కూర్చోబెట్టి వదిలేశారు. కొట్లో చాపల మీద ఉన్నవాళ్లందరికీ హిందీ వచ్చు. అందరూ ముందు వరసలో ఉన్న అయ్య వైపు చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు, అయ్య కూడా నవ్వాడు. అమ్మ లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా, గోల్ ఘర్ నుంచి ఇంటి దాకా నడిచి వెళ్లిపోయింది.

నవ్వు అక్కడితో ఆగితే ఈ కథ రాసేదాన్ని కాదు. అదే చిత్రం అదే రోజు మా నాయనమ్మ ఊళ్లో పంచాయితీ టీవీలో కూడా వచ్చింది. అక్కడ ఎవరికీ హిందీ రాదు. కానీ చెప్పేవాడు ఎందుకు? కోడలి నుదురు బోసిగా ఉంది, చేతులు బోసిగా ఉన్నాయి, జుట్టు విరబోసుకుని సముద్రం వైపు కూర్చుంది. మా వాళ్లకు అంతకన్నా వేరే మాట అక్కర్లేదు. నాయనమ్మ ఆ టీవీ ముందే కూలబడిపోయిందట. కొడుకు పోతే కబురు కూడా పెట్టలేదు, టీవీలో చూసి తెలుసుకోవాల్సి వచ్చిందని పెద్దనాన్న టెలిగ్రాం కొట్టాడు. అయ్య కంగారుపడి, నేను బతికే ఉన్నాను అని తన పేరు మీదే తిరుగు టెలిగ్రాం ఇచ్చాడు. అది చూసి, ముసలిదాన్ని ఊరడించడానికి ఎవరో చచ్చినవాడి పేరుతో కొట్టారని ఇంకా ఏడ్చారట. ఓడ దొరికి, సముద్రం దాటి, అయ్య ఆ ఊళ్లో కాలుపెట్టేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. సంతర్పణ ఆకులు ఇంకా పెంట మీదే ఉన్నాయట.

నాయనమ్మ కొడుకు మొహం చూడలేదు. ముందు వంగి పాదాలు చూసింది, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. చేత్తో తడిమింది. ఆ తర్వాతే గొల్లుమంది. కులపెద్దలు కూర్చుని, కర్మ జరిగిపోయిన మనిషి ఉత్తినే ఇంట్లోకి రాకూడదు, మళ్లీ పుట్టాల్సిందే అన్నారు. మీసాలున్న మా అయ్యకు పసుపునీళ్లు పోసి, నాయనమ్మ ఒళ్లో పడుకోబెట్టి, నాలిక మీద తేనె రాసి, చెవిలో పేరు పెట్టారు. ఎర్రయ్య అని మళ్లీ అదే పేరు. పెళ్లి కూడా మళ్లీ చేసుకోవాలి, పుస్తె మళ్లీ కట్టాలి, లేకపోతే ఆ కాపురం చెల్లదు అని పసుపుతాడు చేతికిచ్చి ఓడెక్కించారు. నాయనమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్లూ మామూలు మనిషి కాలేదు. అయ్య ఉత్తరం రాస్తే, చదివిన వాళ్లని నిజంగా వాడే రాశాడా అని రెండేసి సార్లు అడిగేదట. ఢిల్లీ కోటు మనిషికి ఇవేవీ తెలియవు. ఆ చిత్రానికి ఏదో బహుమతి వచ్చిందని మాత్రం మాకు తెలిసింది.

మా అమ్మానాన్నల పెళ్లి అలా నేను కళ్లారా చూశాను. జంగ్లీఘాట్‌లో మా వాకిట్లో పందిరి వేశారు. బెంగాలీ దీదీ శంఖం ఊదింది. రాంచీ భయ్యా డప్పు తెచ్చాడు. అయ్య సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు, కుర్రాళ్లు ఆయనకు టీవీ భూత్ అని పేరు పెట్టేశారు. అమ్మ పీట మీద రాయిలా కూర్చుంది. తాడు కట్టడానికి అయ్య వంగితే, ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "నానెప్పుడు ముండమోసినాను, మల్లీ పెల్లాడ్డానికి? ఆలెవరో ఢిల్లీలో అంటే నాకు మొగుడు నేకుండా పోతాడా?" అంది. అయ్య నవ్వు ఆగిపోయింది. "నాను అట్ట పట్టుకున్నానే. నా సేత్తోనే" అన్నాడు చిన్నగా. అమ్మ చెయ్యి వదిలేసి తల వంచింది. ఆ రోజు నుంచి అమ్మ ఎంత పెద్ద బొట్టు పెట్టుకునేదంటే, రేవులో ఆ చివరనుంచి కనపడేది. సముద్రం ఒడ్డున కూర్చోవడం మాత్రం మానేసింది.

అయ్య కిందటి వానాకాలంలో పోయాడు. సముద్రం కాదు, వయసు. ఇదే డిగ్నాబాద్ ఇంట్లో, మంచం మీద, అమ్మ చేతి గంజి రెండు గుక్కలు తాగి పోయాడు. ఆడవాళ్లు వచ్చి బొట్టు తీయాలంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఆ పని అప్పుడే సేయించీసినారు. ఒక మొగుడికి రెండుసార్లు తియ్యను" అంది. ఇప్పటికీ పెట్టుకుంటుంది.

ఇదంతా విని మేఘన కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల చెడ్డది కాదు, అదే నా కడుపుమంట. ఢిల్లీ వాళ్లు మమ్మల్ని అడగకుండా చేశారు. వీళ్లు ఆంటీ, అమ్మమ్మా అని అడిగి మరీ అదే చేస్తారు. అంత ఏడ్చిన పిల్లే, "బొట్టు విషయం ఆంటీ, రెండు షాట్లూ మ్యాచ్ అవ్వాలి కదా, ఒక్కసారికి తీస్తారేమో..." అంది. ఫ్రిజ్ మీద గుడ్డ కప్పొచ్చా అని గడ్డం మనిషి అడిగాడు. అప్పుడు గడియారం, ఇప్పుడు ఫ్రిజ్. నా నోట్లో ఎంత మాట వచ్చిందో, అది ఇక్కడ రాయలేను.

అమ్మ ఇదేమీ వినడం లేదు. ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ చూస్తోంది. "ఆపు ఆపు. ఎనక్కి తిప్పు" అంది. మేఘన వెనక్కి తిప్పింది. "ఇక్కడ. పారోతీ, సూడే" అని నన్ను పిలిచింది. బొమ్మ చివర్లో గాలి గట్టిగా కొట్టినట్టుంది. పక్కనుంచి తెల్లటి అట్ట అంచు ఒక్క క్షణం లోపలికి వచ్చింది. దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్లు. చూపుడువేలు సగమే ఉంది. ఇన్నేళ్లూ అయ్య సముద్రంలో పోయాడని చెబుతున్న ఆ బొమ్మలోనే అయ్య ఉన్నాడు. మేం గోల్ ఘర్‌లో చూసుకోలేదు. ఎవరూ చూసుకోలేదు.

"గుంటా" అంది అమ్మ మేఘనతో. "నాను రాయి మీద కూకుంటాను. బొట్టుతోనే కూకుంటాను. ఈ సెయ్యి ఆయనది అని సెప్తారేటి? ఒడ్డునే ఉన్నాడు అని ఒక్క ముక్క సెప్తారేటి?" అంతకన్నా ఏమీ అడగలేదు. ఐసు సంగతి కూడా అడగలేదు. మేఘన వెంటనే హైదరాబాదులో తన పైఅధికారికి ఫోన్ చేసి, అమ్మ కూడా వినాలని స్పీకరులో పెట్టి, అమ్మ ముందున్న బల్ల మీద ఉంచింది. ఆ పిల్ల బాగానే చెప్పింది. వేళ్ల సంగతి చెప్పింది, టెలిగ్రాం సంగతి చెప్పింది. అవతల ఆయన ఓపిగ్గా విన్నాడు. "మేఘనా, మనకున్నది రెండు నిమిషాలు. భర్త ఉన్నాడు, అట్ట పట్టుకున్నాడు అంటే ఎమోషన్ పోతుంది" అన్నాడు. "క్లిప్ మనం కొన్నాం, వాళ్లని అడగక్కర్లేదు కూడా. అయినా ఇప్పుడు ఆవిడ భర్త లేరన్నావు కదా. మరి ఇప్పుడది నిజమే కదా. ఇంక ప్రాబ్లమ్ ఏముంది?"

నేను లేచాను. ఏమనబోయానో నాకే తెలియదు. అమ్మ నన్ను చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసింది. పక్కనున్న చెంబులో ఒక కొస ముంచి, పిండి, ఒక విదిలింపు విదిలించింది. బల్ల మీద నీటి చుక్కలు పడ్డాయి. ఆ తువ్వాలు ఫోన్ మీద కప్పేసింది.

మేఘన చెయ్యి చాపబోయి, ఏమనుకుందో, ఆగిపోయింది. తువ్వాలు కింద ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. హలో, మేఘనా, వినపడుతోందా అంటున్నాడు.

"పారోతీ" అంది అమ్మ. "సాయ్ తే. గుంట తడిసొచ్చింది."